కోరలెవరివి, రాలిన పళ్ళెవరివి?

'వాంపైర్' అన్న మాటకు తెలుగులో 'రక్తపిశాచి' అని రాసుకుంటున్నాం. డ్రాక్యులా సినిమాలతో, చవక నవలలతో అలవాటైన మాట ఇది. అనువాదం అటువైపు నుంచి కూడా జరిగింది. 1870లో రిచర్డ్ బర్టన్ మన బేతాళ కథల్ని ఇంగ్లీషులోకి తీసుకుపోతూ 'విక్రమ్ అండ్ ది వాంపైర్' అని పేరు పెట్టాడు. చందమామలో బేతాళ కథలు చదువుతూ పెరిగిన మనకు తెలుసు, బేతాళుడు ఎవరి మెడా కొరకడు. శవంలో ఉంటాడు, కథ చెబుతాడు, చిక్కు ప్రశ్న వేస్తాడు. అతనికి కావలసింది రక్తం కాదు, జవాబు. మగ దయ్యానికి మన కథాసాహిత్యం ఇచ్చిన గౌరవం అది. మరి రక్తం తాగే పనిని ఎవరికి అప్పజెప్పాం?

మా మెట్‌పల్లి వైపు (ఒకప్పటి కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా) నేను విన్న కథల్లో దయ్యం దాదాపు ఎప్పుడూ ఆడదే. బాయిల దూకిన కోడలు, కాన్పుల పోయిన బాలింత, పెళ్లి కాకుండ సచ్చిపోయిన పిల్ల. ఈ జాబితాను ఒక్కసారి భయం పక్కన పెట్టి చదవండి. మొదటిది అత్తింటి హింస. రెండోది వైద్యం అందని చావు. మూడోది, కోరిక అనే మాట ఎత్తడానికి కూడా అనుమతి లేని జీవితం. బతికి ఉన్నప్పుడు ఈ ముగ్గురికీ ఒక్కొక్క ఫిర్యాదు ఉంది. చచ్చాక ఊరు ఆ ఫిర్యాదును ఆకలిగా మార్చి చెప్పింది. కాన్పులో ఒంట్లో రక్తమంతా పోయి చనిపోయిన మనిషి తిరిగొచ్చి పక్కింటి బాలింత రక్తం తాగుతుందట. ఆ బాలింత తలకింద కత్తి పెట్టారు, గుమ్మానికి వేపమండలు కట్టారు. దవాఖాన ఎంత దూరంలో ఉందన్న లెక్క మాత్రం ఎవరూ తీయలేదు.

1990లలో 'ఓ స్త్రీ రేపు రా' అని తలుపుల మీద రాసుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. కర్ణాటకలో అదే మాటను కన్నడంలో రాశారు. మా ఇంటి తలుపు మీద సుద్దముక్కతో రాసింది నేనే. అమ్మ బీడీలు చేసేది, చదువు రాదు. చాట ఒళ్ళో పెట్టుకునే తలెత్తి చూసి, "మంచిగ రాసినవా బిడ్డా, దానికి సమజైతదా?" అని అడిగింది. ఆ మాట ఇప్పుడు తలచుకుంటే నవ్వు రాదు. అక్షరం రాని ఆడవాళ్ళు నిండిన వాడలో, చదవగలిగిన వయసొచ్చిన స్త్రీ ఆ దయ్యం ఒక్కతే. పైగా ఎంత అణకువ గలది! రేపు రమ్మంటే వెళ్ళిపోతుంది, మళ్ళీ రేపు రమ్మంటే మళ్ళీ వెళ్ళిపోతుంది. మన ఊహలోని భయంకరమైన స్త్రీ కూడా గుమ్మం దగ్గర మాట వినేదే.

రక్తం కోరే స్త్రీమూర్తి మనకు కొత్త కాదు కదా, పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ లేరా అని అడగవచ్చు. ఉన్నారు. కోడినో యాటనో కోసి మొక్కు తీర్చుకుంటాం. కానీ అమ్మవారి ఆకలికి ఒక రోజు ఉంది, గుడి ఉంది, పూజారి ఉన్నాడు. ఊరంతా కలిసి తన చేతులతో ఇచ్చేది అది. ఊరు ఇచ్చినంతవరకు తాగితే దేవత. ఊరి అదుపు తప్పిన ఆకలి తనకు ఉందని అనుమానం వస్తే చాలు, ఆమె దయ్యం. ఈ రెంటికీ మధ్య, ఇంకా ప్రాణంతో ఉన్న ఒక మనిషి ఉంది. గుడి లేదు, సమాధీ లేదు. వాడ చివర ఒంటరిగా ఉండే ముసలామె, మొగుడు పోయి ఎకరం భూమి మిగిలిన విధవ. పక్కింట్లో పిల్లకు జ్వరం తగ్గకపోతే ఆమె వైపు చూస్తారు. బాణామతి, చేతబడి, 'మంత్రాలు చేస్తది' అన్న మూడు మాటల్లో ఏదో ఒకటి వినిపిస్తుంది.

ఇదే నేల మీద రక్తం తాగేవాడు ఇంకొకడున్నాడు. దొర. వెట్టి చేయించుకుని, భూమి గుంజుకుని, వడ్డీల మీద వడ్డీలు రాసినవాణ్ణి జనం 'నెత్తురు తాగెటోడు', 'జలగ' అన్నారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జైత్రయాత్ర చేసిన రైతుకూలీలకు ఆ మాటలకు అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మార్క్స్ కూడా 'పెట్టుబడి' (1867)లో పెట్టుబడిని బతికున్న శ్రమను పీల్చే వాంపైర్‌తో పోల్చాడు. బ్రామ్ స్టోకర్ డ్రాక్యులా (1897) కోటలో ఉండే ప్రభువే కావడం యాదృచ్ఛికం కాదని విమర్శకులు చాలాసార్లు చెప్పారు. ఇంతవరకూ ఒప్పుకుందాం. నేను చూడమంటున్నది ఇక్కడున్న తేడాను. దొర నెత్తురు తాగుతాడన్నప్పుడు అది పోలిక. అతని నోరు తెరిచి ఎవరూ పళ్ళు చూడలేదు. ఆ మాటే ఒక పేద స్త్రీని అన్నప్పుడు అది అభియోగం. దానికి సాక్ష్యం అక్కరలేదు, శిక్ష మాత్రం ఉంటుంది. ఒకే క్రియాపదం, మగవాడి దగ్గర అలంకారమైంది, ఆడదాని దగ్గర నేరమైంది.

ఆ శిక్ష ఏమిటో తెలిసిన వాళ్ళం కాబట్టి దాచకుండా రాయాలి. తెలంగాణ పల్లెల్లో మంత్రాల నెపం మీద పట్టుబడినవాళ్ళకు పళ్ళు పీకేవాళ్ళు, రాళ్ళతో రాలగొట్టేవాళ్ళు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని నమ్మకం. సినిమాలో వాంపైర్‌కు కోరలు మొలుస్తాయి. మన ఊళ్ళో వాంపైర్ అనిపించుకున్న మనిషికి ఉన్న పళ్ళు పోతాయి. కోర ఊహ, రాలిన పన్ను నిజం. ఆ తరువాత ఆమె మంత్రమే కాదు, తన పేరు కూడా సరిగ్గా పలకలేదు. సాక్ష్యం చెప్పాల్సిన నోటినే ముందు పాడుచేయడం ఈ శిక్షలోని అసలు తెలివి.

యూరప్‌లో ఏం జరిగిందో పక్కన పెట్టి చూద్దాం. 18వ శతాబ్దంలో సెర్బియా, మొరేవియా పల్లెల్లో సమాధులు తవ్వి శవాలకు మేకులు దిగ్గొట్టారు, కాల్చారు. 1755లో మొరేవియాలో ఒక స్త్రీ శవాన్ని అలా కాల్చిన తరువాత, మహారాణి మరియా థెరీసా తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ చేత విచారణ నివేదిక రాయించి, ఇలాంటి పనులను నిషేధించింది. అక్కడ మేకు దిగింది అప్పటికే చచ్చినవాళ్ళ గుండెల్లో. (బతికున్న స్త్రీలను మంత్రగత్తెలని చంపిన చరిత్ర వాళ్ళకూ ఉంది. అది వేరే అధ్యాయం, అంతకంటే పెద్దది.) ఆ శవాల మీదే ఒక సాహిత్యం, ఆ తరువాత ఒక సినిమా పరిశ్రమ లేచాయి. మన దగ్గర ఆ దూరం ఏర్పడలేదు. 2024 అక్టోబరులో మెదక్ జిల్లా రామాయంపేట మండలం కాట్రియాలలో చేతబడి అనుమానంతో ఒక స్త్రీని నిప్పంటించి చంపారు. 2022 జనవరిలో జగిత్యాలలో, కులసంఘం సమావేశంలోనే, తండ్రినీ ఇద్దరు కొడుకులనూ అదే అనుమానంతో చంపారు. ఈ రెండో సంఘటన మనకు ఇంకొకటి కూడా నేర్పాలి. ఈ నింద పడేది ఆడవాళ్ళ మీదే కాదు. పేదరికం, కులం, ఒంటరితనం ఎవరిని ఊరి అంచుకు తోస్తాయో వాళ్ళ మీద. స్త్రీవాదం ఆ మగవాళ్ళను లెక్కలోంచి తీసేస్తే తన విశ్లేషణనే కుదించుకున్నట్టు.

మన జనాదరణ సాహిత్యం ఇందులో ఏ వైపు నిలబడింది? 1980ల తొలి ఏళ్ళలో యండమూరి 'తులసిదళం' వారపత్రిక సీరియల్‌గా వచ్చి క్షుద్రవిద్యను ఇంటింటి సంభాషణ చేసింది. రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అంటూ పుస్తకమే రాశారు. ఆ తిట్టులోని కోపం అప్పట్లో కొందరికి అతిగా తోచింది. పళ్ళు రాలిన ముఖాలు తెలిసిన ప్రాంతం నుంచి చూస్తే అది అతి అనిపించదు. 'అరుంధతి' (2009)లో దుష్టశక్తి మగవాడు, స్త్రీల మీద అత్యాచారం చేసినవాడు. ఇది మంచి మార్పే. కానీ వాణ్ణి చంపడానికి జేజమ్మ తన ఎముకలే ఆయుధం కావాలని ఘోరమైన చావు కోరి తెచ్చుకుంటుంది. రాక్షసుడు మగవాడైనా చెల్లింపు ఆడ శరీరంలోంచే. 'విరూపాక్ష' (2023) మొదట్లోనే ఊరు ఒక జంటను అనుమానంతో తగలబెడుతుంది. ఆ మూక ముఖాలు చూసి మనం సిగ్గుపడేలోపే, కాలిపోతున్న స్త్రీ పెట్టిన శాపం నిజమై ఊళ్ళో చావులు మొదలవుతాయి. శాపం ఫలించిన క్షణంలో ఊరి అనుమానానికి సాక్ష్యం దొరికినట్టే. ప్రేక్షకుడు భయంతో బయటికొస్తాడు, ప్రశ్నతో కాదు.

ఇక మనం. ఏంజెలా కార్టర్ 1979లో వాంపైర్ రాణి కథను తిరగరాసిన తరువాత, రాక్షసి వేషం స్త్రీల సాహిత్యంలో ఒక ఆయుధమైంది. మన కవిత్వంలోనూ 'నేను దయ్యాన్ని', 'నేను మంత్రగత్తెను' అనడం ఒక ధిక్కారంగా వస్తున్నది. ఆ ధిక్కారం విలువ నాకు తెలుసు. మంచి ఆడపిల్ల అనిపించుకోవడంలో గొంతు పోగొట్టుకున్న వాళ్ళకు ఆ అరుపు అవసరం. కానీ ఆ మాటను మనం కవిసమ్మేళనంలో చదివి చప్పట్లు అందుకుని ఇంటికి వస్తాం. అదే మాట ఊళ్ళో ఇంకొకరు ఆమె గురించి అంటే ఆమె ఇల్లు ఖాళీ చేయాలి. మనకు వేషం, ఆమెకు ముద్ర. ముద్ర పడినామె అనుమతి లేకుండా ఆ మాటను మనది చేసుకోవడం, దొర గురించిన పోలికంత తేలిక కాదు.

అయితే ఏం రాయాలి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. రక్తం తాగుతుందని పేరు పడిన మనిషి ఒంట్లో రక్తమే లేదు. తునికాకు, తంబాకు దుమ్ము, కాన్పులు, ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిన అన్నం. ఆ నెత్తురు ఎవరు తాగారో తీసుకుపోయి చూపించే కథ భయానక కథలన్నిటికంటే భయానకంగా ఉంటుంది. దానికి మంత్రం అక్కరలేదు, కూలి చిట్టీ చాలు. ఎవరి భూమి ఎవరి పేరు మీదికి మారిందో, నింద వేసిన రోజుకు ముందు ఏ పంచాయితీ జరిగిందో, ఆ పిల్లకు జ్వరమొస్తే ఎన్నో రోజున దవాఖానకు తీసుకుపోయారో అడుగుతూ రాయాలి. అన్నిటికంటే ముందు, పళ్ళు లేని ఆ నోరు నిదానంగా, తడబడుతూ చెప్పేదాన్ని పూర్తయ్యేదాకా వినాలి. బేతాళుడి కథ విన్నంత ఓపికతో ఆమె కథ ఇంకా ఎవరూ వినలేదు.