విప్పి చూడలేని బ్రేకు

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బ్రేకు పని చేయించుకునే డ్రైవర్‌కు పెద్దగా అనుమానాలుండవు. డ్రమ్ము ఊడదీస్తారు, అరిగిన లైనర్ పీకేస్తారు, కొత్తది రివెట్లతో బిగిస్తారు. అంతా ఆయన పక్కన నిలబడి చూస్తుండగానే జరిగిపోతుంది. అమెరికా పెద్ద ట్రక్కుల్లో ఎయిర్ డిస్క్ బ్రేకులు వచ్చేకొద్దీ ఈ వెసులుబాటు తగ్గిపోతోంది. డిస్కును పట్టి ఆపే కాలిపర్ మూసిన పెట్టె. దాన్ని బాగుచేసే పని ఎక్కడో ఫ్యాక్టరీలో జరుగుతుంది.

యూరప్‌లో 1996 నాటి మెర్సిడెస్ ఆక్ట్రోస్‌కే అన్ని చక్రాలకూ డిస్క్ బ్రేకులున్నాయి. అమెరికా చాలాకాలం డ్రమ్ముల్నే నమ్ముకుంది. 2009లో అక్కడి ప్రభుత్వం నిబంధన బిగించింది. గంటకు 60 మైళ్ల వేగంలో ఉన్న, బరువెక్కించిన ట్రాక్టర్ (ట్రెయిలర్‌ను లాగే ట్రక్కు) అంతకుముందు 355 అడుగుల్లో ఆగితే సరిపోయేది. కొత్త నిబంధనతో చాలా రకాల ట్రాక్టర్లు 250 అడుగుల్లోనే ఆగాలి. పెద్ద డ్రమ్ములతోనూ ఆ హద్దు అందుకోవచ్చు. అయినా కొండ దిగేటప్పుడు వేడెక్కి పట్టు తప్పే బెడద డిస్కుకు తక్కువ. అందుకే బెండిక్స్ ఏడీబీ22ఎక్స్ లాంటి కాలిపర్లు లక్షల మైళ్లు తిరిగే ట్రక్కులకు ఎక్కాయి. అలా తిరిగినవే ఇప్పుడు రీమాన్యుఫ్యాక్చరింగ్‌కు, అంటే ఫ్యాక్టరీలో విప్పి మళ్లీ కొత్తదానిలా చేసే పనికి, వస్తున్నాయి.

కాలిపర్ లోపలి పని ముచ్చటైనది. గాలి ఒత్తిడికి ఛాంబర్ కడ్డీ ఒక లీవర్‌ను తోస్తుంది. లీవర్ తోపుకు మరలున్న రెండు టాపెట్లు ముందుకొచ్చి లోపలి ప్యాడ్‌ను రోటర్‌కు, అంటే తిరిగే డిస్కుకు, అదుముతాయి. ఆ ఎదురు ఒత్తిడికి కాలిపర్ మొత్తం గైడ్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ మధ్య సందు పెరగకుండా లోపలి అడ్జస్టర్ తనంతట తాను సవరిస్తుంది. అన్నీ సరిగా ఉంటే ఆ సందు మిల్లీమీటరు అటూ ఇటూ.

ఇంత బలమైన పనిముట్టును పాడుచేసేది గైడ్ పిన్నును కప్పే రబ్బరు బూటుకు పడ్డ ఒక చిరుగు. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలు కూడా వాడతారు. ఆ నీళ్లు చిరిగిన బూటులోంచి దిగితే పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. కాలిపర్ జరగదు. ఒక ప్యాడ్ రేకు దాకా అరిగిపోతుంది, రెండోది మందంగా మిగిలే ఉంటుంది. ప్యాడ్లు, పిన్నులు, బూట్ల వరకు వర్క్‌షాపు మార్చుకోవచ్చు. లోపలి యంత్రాంగంలోకి నీళ్లు దిగితే మాత్రం కాలిపర్ మొత్తం మార్చాల్సిందే.

తీసేసిన పాతదాన్ని అక్కడ 'కోర్' అంటారు. కొనేటప్పుడు దానికోసం డిపాజిట్ కట్టించుకుని, పాతది తెచ్చిస్తే తిరిగిస్తారు. ఫ్యాక్టరీకి చేరిన కోర్‌ను మొదట పూర్తిగా విప్పుతారు. పోత ఇనుప బాడీని శుభ్రం చేసి, పగుళ్లు ఉన్నాయేమో వెతుకుతారు, రంధ్రాలు కొలతకు నిలుస్తున్నాయో లేదో చూస్తారు. ఈ పోత బతికి ఉంటే మళ్లీ ఇనుము కరిగించే పని తప్పుతుంది. కానీ బేరింగ్ కూర్చునే చోటు తుప్పుకు గుంటలు పడితే దాన్ని నిర్దాక్షిణ్యంగా తుక్కులో వేయాలి. ఈ పనిలో నిజాయితీ తేలేది ఇక్కడే. సీళ్లు, బూట్లు, బుష్‌లు, పిన్నులు పాతవి ఎంత బాగున్నా కొత్తవే వేయాలి. అడ్జస్టర్ సంగతీ అంతే. చివర ప్రతి కాలిపర్‌నూ టెస్ట్ బెంచి మీద పని చేయించి చూడాలి.

మార్కెట్‌లో మరో రకమూ ఉంది. పైపైన తుప్పు గీకి, బయటి బూట్లు మార్చి, రంగేసి అమ్మేది. పైన పటారం లోన లొటారం. విప్పి, శుభ్రం చేసి, అరిగినవి, చెడిపోయినవి మార్చకుండా 'రీమాన్యుఫ్యాక్చర్డ్' అనే పేరు వాడటం మోసమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బ్రేకు విషయంలో ఇది కాగితం మీది తేడా కాదు, ముందున్న కారులోవాళ్ల ప్రాణాలతో ముడిపడిన తేడా.

మెకానిక్ చేతిలో మాత్రం ఒక మంచి పరీక్ష మిగిలి ఉంది. చక్రాలకు అడ్డు పెట్టి, పార్కింగ్ బ్రేకు వదిలి, అడ్జస్టర్ మొనకు రింగు స్పానర్ తగిలిస్తాడు. టక్, టక్, టక్ అని మూడు చప్పుళ్లు వినిపించేదాకా వెనక్కి తిప్పుతాడు. స్పానర్ అలాగే వదిలి ఐదు నుంచి పది సార్లు మెల్లగా బ్రేకు నొక్కిస్తాడు. ప్రతి నొక్కుకూ స్పానర్ కొద్దికొద్దిగా ముందుకు కదలాలి, పోనుపోను ఆ కదలిక తగ్గాలి. కదలకపోయినా, ముందుకెళ్లి వెనక్కి వచ్చేసినా అడ్జస్టర్ పోయినట్టే. ఆ మొనను బలవంతంగా తిప్పితే దానికి తొడిగిన అడాప్టర్ తెగిపోతుంది. లోపలి యంత్రాంగం దెబ్బతినకూడదనే దాన్ని అలా తెగేలా చేశారు.

మన హైవేల మీద రాత్రిళ్లు తిరిగే ఖరీదైన ఏసీ బస్సుల్లోనూ ఈ బ్రేకులున్నాయి. వాటి యజమానులకు ఒక విన్నపం. బాగుచేసిన కాలిపర్ కొనేటప్పుడు ధర ఒక్కటే అడగకండి. లోపల ఏమేం కొత్తవి వేశారో, బెంచి మీద పరీక్షించారో లేదో రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే ఆ కాలిపర్‌ను బస్సుకు బిగించనివ్వకండి.