నాడికీ నాళానికీ నడుమ

మెదడు నుంచి నేరుగా వెలువడే పన్నెండు జతల కపాల నాడుల్లో ఒకదాన్ని, సాగి వంకర తిరిగిన ధమని ఒత్తుతూ ఉంటే, ఆ నాడిని బట్టి ముఖంలో కరెంటు కొట్టినట్టు నొప్పి గానీ, చెంప అదరడం గానీ, అరుదుగా కంటిని బయటివైపు తిప్పే ఆరో నాడికి పక్షవాతం వచ్చి ఒక వస్తువు రెండుగా కనిపించడం గానీ సంభవిస్తుంది. సింగరాయకొండ వంటి ఊళ్లలో ఈ నొప్పిని పంటినొప్పిగా భావించి పన్ను పీకించుకున్నాకే గుంటూరుకో చెన్నైకో బయలుదేరే రోగుల్లో కొందరికి అసలు ఊరట న్యూరోసర్జన్ చేతిలో ఉంటుంది.

1960లలో అమెరికాలో పీటర్ జానెట్టా సూక్ష్మదర్శిని సాయంతో రూపొందించిన, నాడిపై ఈ ఒత్తిడిని తొలగించే శస్త్రచికిత్స నాడిని కోయదు, ధమనిని మూయదు. రెండింటినీ ఎడం చేస్తుంది. చెవి వెనుక ఎముకలో చిన్న ద్వారం తెరిచి, మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని కొంత తీసి, చిన్నమెదడును బలవంతంగా నెట్టకుండా దారి చేసుకుని, నాళాన్ని తప్పించి మధ్యలో టెఫ్లాన్ పోగుల ముక్క ఉంచుతారు. నాళం మరీ లావుగా ఉంటే దాన్ని పక్కకు జరిపి మెదడును కప్పే గట్టి పొరకు బంధిస్తారు. అంగుళం మేర చోటులో, మెదడు కాండానికి రక్తాన్నిచ్చే వెంట్రుకంత శాఖల్లో ఒక్కటీ తెగకుండా చేసే ఈ పనిలో నేర్పు కంటే నిగ్రహమే గొప్పది. వినికిడి నాడి పక్కనే ఉంటుంది గనుక, దాని సంకేతాలను పరికరంపై క్షణక్షణం గమనించే సహాయకుడు హెచ్చరించగానే సర్జన్ చేయి ఆపుతాడు.