మళ్ళీ వచ్చేవాడు, కొత్తగా వచ్చేవాడు

లోకరక్షకుడు వస్తాడన్న నమ్మకం అన్ని మతాల్లోనూ ఒకటేనని తరచు రాస్తుంటారు. దీనితో మేము ఏకీభవించలేము. బౌద్ధుల మైత్రేయుడు తిరిగివచ్చే గౌతముడు కాడు, మరో బుద్ధుడు. భాగవతం ద్వాదశ స్కంధంలోని కల్కి శంబల గ్రామంలో విష్ణుయశుని ఇంట పుడతాడు. క్రైస్తవులు ఎదురుచూసే యేసు మాత్రం వెళ్ళినవాడే.

మన వీరభోగ వసంతరాయలు ఏ కోవలోనివాడు? కల్కి అవతారమనే అంటారు. కాని కందిమల్లాయపల్లెలో 1693లో జీవసమాధి పొందారని సంప్రదాయం చెప్పే పోతులూరి వీరబ్రహ్మంగారే ఆ రూపంలో వస్తారని విశ్వాసం. అంటే చనిపోలేదు, కనబడకుండా ఉన్నారు. కల్కికంటే, 874లో అదృశ్యమయ్యాడని షియాలు నమ్మే పన్నెండో ఇమాముకే ఇది దగ్గర. శిష్యుడు సిద్దయ్య దూదేకులవాడు కదా అని వెంటనే అరువు సిద్ధాంతం కట్టడం తొందరపాటు.

క్రియను గమనించండి. తెలుగులో 'వస్తాడు' అంటే రోజూ వచ్చేవాడూ కావచ్చు, రేపు రాబోయేవాడూ కావచ్చు. 'వచ్చేను' అని ఉత్తమపురుషలో అంటే ఆ సందిగ్ధం ఉండదు; జోస్యం కాస్తా ఇచ్చిన మాట అవుతుంది.

హోసూరు, కృష్ణగిరి విద్యార్థులకిది దూరపు సంగతి కాదు. పొరుగున కైవారం నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు రాశారు, కాలజ్ఞానమూ చెప్పారు. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది. తెలుగు చదవడం రాని తరానికి ఈ తత్వాలు చెవులకే మిగులుతాయి. జరిగిపోయినవాటిని జోస్యాలుగా చేర్చే చవక ప్రతులతో వాటిని సరిచూసుకునేదెవరు? మీ అవ్వాతాతల నోట విన్న పాఠాన్ని, ముఖ్యంగా క్రియారూపాలను, దిద్దకుండా రాసి పంపండి.