మా పేరు, మరొకరి రికార్డు

ముస్లిమ్‌గాజ్! ఈ పేరు వింటే ఎవరైనా మావాడే అనుకుంటారు. కాదు. మాంచెస్టర్‌కు చెందిన బ్రిన్ జోన్స్ పెట్టుకున్న పేరది. ఆయన ముస్లిం కాదు. పశ్చిమాసియాకు ఒక్కసారీ వెళ్లలేదు. 1982లో లెబనాన్ మీద ఇజ్రాయిల్ దాడి చూసి కడుపు మండి, మస్లిన్ అనే పలుచని గుడ్డ పేరును కాస్త తిప్పి మా పేరు చేసుకున్నాడు. 1999 జనవరిలో, ముప్పయ్యేడేళ్లకే పోయాడు. ఆయన వదిలిన టేపులు ఆ తర్వాత కూడా వినైల్ రికార్డులై వస్తూనే ఉన్నాయి.

మెచ్చుకోవాల్సింది ముందు మెచ్చుకుందాం. ఈయన రీమిక్సులు సినిమా పాట కింద డిస్కో దరువు తగిలించే బాపతు కాదు. ఒకే దరువును నిమిషాల తరబడి తిప్పుతాడు. ఉన్నట్టుండి తుంచేస్తాడు. అరబ్బీ గొంతులు, డప్పుల మోత ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. 1997లో బ్రాడ్‌ఫర్డ్ డబ్ కళాకారుడు రూట్స్‌మన్‌తో కలిసి తెచ్చిన 'సిటీ ఆఫ్ జిన్'లో జమైకా సంగీతం కూడా ఈ రొదలో కలిసింది. చెవికి సుఖం ఉండదు. ఉండకూడదనే ఆయన పట్టుదల. 1994లో హెబ్రాన్ మసీదులో నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపితే, ఆ మారణకాండ పేరునే రికార్డు అట్ట మీద వేశాడు. ఆ తెగువకు సలాం.

మరి మా పేచీ ఎక్కడ? ఆ రికార్డుల్లో మా గొంతులున్నాయి, మా మాట లేదు.

మాది చిత్తూరు జిల్లా. ఇక్కడ తగువు తెగకపోతే 'కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్' అంటారు. బావిలో వెలసిన వినాయకుడి ఎదుట అబద్ధమాడరని జనం నమ్మకం. మేం ఆ గుడి భక్తులం కాకపోయినా ఆ పద్ధతిలోని న్యాయం మాకు తెలుసు. ఎవరి మాటకు వాళ్లే వచ్చి నిలబడాలి. ఒకరి బదులు ఇంకొకరు చేస్తే చెల్లదు. జోన్స్ మా బదులు ప్రమాణం చేశాడు.

1993లో ఆయన ఆల్బం పేరు 'వోట్ హిజ్బుల్లా'. మాంచెస్టర్‌లో అది అట్ట మీది అక్షరాలే. బాబ్రీ కూలిన ఆ రోజుల్లో ఆ పేరున్న క్యాసెట్టు మా వీధి కుర్రాడి జేబులో దొరికి ఉంటే? స్టేషన్లో సంజాయిషీ చెప్పుకోవాల్సింది వాడే. ఆయనకది కోరి తగిలించుకున్న పేరు. మాకు విప్పి పక్కన పెట్టలేని పేరు.

అదే 1999 ఏప్రిల్లో షేక్ చినమౌలానా పోయారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసులు. ఆయనా రెండు లోకాలను కలిపారు. కానీ తన ఊపిరితో, తన పేరుతో కలిపారు. కత్తిరించి అతికించడానికీ, కలిసి బతకడానికీ ఉన్న తేడా అదే.

ఇప్పుడు ఆ యంత్రాలు మా పిల్లల చేతికీ అందుతున్నాయి. ఉరుసు ఖవాలీ, పీర్ల గుండం చుట్టూ మోగే డప్పు, తెలుగూ ఉర్దూ కలగలిపి అమ్మీ తిట్టే తిట్లు — ఏది ఉంచాలో ఏది తుంచాలో వాళ్లే తేల్చుకోవాలి. జోన్స్ రికార్డు వింటాం. షుక్రియా చెబుతాం. మా సాక్ష్యం మాత్రం మేమే చెప్పుకుంటాం.