‘ఓ’ గిరిజన మహిళ

తెలుగులో ఆర్టికల్స్ లేవని ఇంగ్లిష్ మాస్టార్లు చెప్పే మాట సగమే నిజం. ‘ఎ’, ‘ది’ లాంటి మాటలు లేవు గానీ, వాటి పని ఆగిపోలేదు. ‘ఇంట్లో పిల్లి ఉంది’ అంటే ఏదో ఒక పిల్లి. ‘పిల్లి ఇంట్లో ఉంది’ అంటే మనం వెతుకుతున్న పిల్లే. ‘పుస్తకం చదివాను’ అన్నప్పుడు ఏ పుస్తకమో తెలియక్కర్లేదు. ‘పుస్తకాన్ని చదివాను’ అంటే చాలాసార్లు వినేవాడికి అదేదో ముందే తెలిసి ఉండాలి. అనగనగా కథల్లో ‘ఒక రాజు’ రెండో వాక్యానికల్లా ‘ఆ రాజు’ అయిపోతాడు. పరిచయం అయిపోయింది, ఇక కథ అతనిదే.

మన్యం గురించి మైదానం వాళ్లం రాసింది ఈ చెవితో వింటే ఇబ్బందిగా ఉంటుంది. అక్కడ ‘ఒక’ ఎక్కువ, ‘ఆ’ తక్కువ. జి.మాడుగుల, పాడేరు, పెదబయలు పేర్లతో వచ్చే డోలీ వార్తలనే తీసుకోండి. రోడ్డు లేని ఊరు, నొప్పులు పడుతున్న మనిషి, కర్రకి కట్టిన దుప్పటి, మోసేవాళ్లు. పత్రికల తెలుగుకి ఇష్టమైన ‘ఓ’ తగిలించుకుని ఆమె ‘ఓ గర్భిణి’ అవుతుంది. వచ్చే వానల్లో మళ్లీ ‘ఓ గర్భిణి’. పేరు వేశారా లేదా అన్నది నా గొడవ కాదు, చాలాసార్లు వేస్తారు కూడా. ఆమె బతికిందా, బిడ్డ ఏం చేస్తోంది, ‘ఆ’తో మొదలయ్యే రెండో వాక్యం ఎవరైనా రాశారా అన్నదే ప్రశ్న.

కథల్లో జబ్బు వేరు. అది ఇంగ్లిష్ నుంచి వచ్చిందనుకుంటాను. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేసిన కాలంలో, ఒక తెగ మొత్తాన్నీ ఏకవచనంలో ‘ది ఖోండ్’ అనడం మామూలు. జంతుశాస్త్రం పుస్తకంలో ‘ది టైగర్’ అన్నట్టు. మనకి ‘ది’ లేకపోయినా వాసన అంటింది: ‘గిరిజనుడు అమాయకుడు’, ‘గిరిజనుడు అడవిబిడ్డ’. ఏ గిరిజనుడు? బగతా, కోందు, కొండదొర? పసుపు ధర దగ్గర దళారీతో గట్టిగా బేరమాడే మనిషి ఈ వాక్యంలో ఎక్కడ పడతాడు?

‘ఏజెన్సీ’ కూడా ఇలాంటి మాటే. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలు గవర్నర్ ఏజెంటు హోదాలో కలెక్టర్ చేతికి వెళ్లాయి. ఆ కాలం పోయింది, పేరు ఉండిపోయింది. ఊరి పేరూ చూడండి. ఉత్త ‘మాడుగుల’ అంటే కొండ కింద హల్వా మాడుగులే గుర్తొస్తుంది. కొండ మీది ఊరు మాత్రం ఎప్పుడూ గంగరాజు ఇంటి పేరు మోస్తూ ‘జి.మాడుగుల’ అని చెప్పుకోవాలి.

‘శిలకోల’ కథల మల్లిపురం జగదీశ్ లాంటివాళ్లు వచ్చాక కొంత మారింది. లోపలినుంచి రాసేవాళ్లకి ప్రతి మనిషినీ ‘ఒక గిరిజనుడు’ అని పరిచయం చెయ్యాల్సిన పని ఉండదు. మైదానం పాఠకుడు కాస్త తికమక పడితే పడనీ.

వ్యాకరణంలోనే ఇంకో చమత్కారం ఉంది. పాడేరు, అరకు కొండల్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లున్నాయి. ఒడియాలో ‘ఘర’ అంటే ఇల్లు, ‘ఘరటా’ అంటే ఫలానా ఆ ఇల్లు. ఇంగ్లిష్ ‘ది’ ముందు నిలబడితే ఒడియా ‘టా’ వెనక తోకలా అంటుకుంటుంది. మాతృభాషల్లో బోధన అని 2004లో మొదలుపెట్టిన ఎనిమిది భాషల్లో ఆదివాసీ ఒడియా కూడా ఉంది. తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ అయిన పాఠ్యపుస్తకాలొచ్చాయి. ‘టా’కి ఏ పేజీలోనూ చోటు లేదు. ఇంట్లో ‘ఘరటా’ అనే పిల్లకి ‘ది’ని తెలుగు మీదుగా నేర్పుతాం, ‘మన భాషలో ఇది లేదమ్మా’ అంటూ.