జాబితాకెక్కని ఊళ్లు

మొయినాబాదు నుంచి చేవెళ్లకు బస్సులో పోతూ యువకవుల యుద్ధవ్యతిరేక కవితల కట్ట చదివాను. ప్రతి కవితలోనూ హిరోషిమా ఉంది. కిటికీ అవతలి క్యారెట్ మడి ఒక్కదానిలోనూ లేదు. వీరి ఆవేశాన్ని నేను శంకించను. వస్తువు అరువుదన్నదే నా అభ్యంతరం.

ఒకరి అణుకేంద్రాలపై ఒకరు దాడి చేయరాదని భారత్, పాకిస్తాన్ 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకున్నాయి. 1992 నుంచి ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. 1998 అణుపరీక్షలు గానీ, 1999 కార్గిల్ యుద్ధం గానీ దీన్ని ఆపలేదు. అణు ఇంధన కర్మాగారాలకూ ఈ రక్షణ వర్తిస్తుంది. అటువంటిది హైదరాబాదులోనే ఉంది. మంచిదే, అక్కడ బాంబు పడితే విషం చుట్టుపక్కల జనానికే కదా! కాని ఊరి మీద బాంబు వేయరాదన్న మాట ఆ ఒప్పందంలో లేదు. చేవెళ్ల రైతూ, గండిపేట నీళ్లూ ఏ జాబితాకీ ఎక్కలేదు. ఇంతకు మించిన వైరుధ్యం కవికి ఎక్కడ దొరుకుతుంది?

ఒక్క కవిత నన్ను ఆపింది. 2025 మే 7న హైదరాబాదులో పౌరరక్షణ కసరత్తుకు సైరన్లు మోగాయి. ఆ వార్త విని ఒక తల్లి, "బాయి మీద మూత పెట్టాల్నా బిడ్డా?" అని అడుగుతుంది. కవి అక్కడ ఆగలేదు. తర్వాతి పాదంలోనే మళ్లీ పుట్టగొడుగు మేఘం తెచ్చాడు.