బంతి రాని మూల

అమెరికన్ ఫుట్‌బాల్‌ని టీవీలో చూసేవాళ్లకు కార్నర్‌బ్యాక్ చేసే పని చాలావరకు కనబడదు. కెమెరా బంతి వెంట ఉంటుంది. ఆట మొదలైన మరుక్షణమే అతనూ, అతను కాపలా కాయాల్సిన రిసీవరూ తెర అంచు దాటి పరుగెత్తిపోతారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని అటువైపు విసిరితే తప్ప మళ్లీ కంటబడరు. విసిరాడంటే అక్కడ సందు దొరికిందని అతనికి అనిపించినట్టే. కార్నర్‌బ్యాక్ తన పని ఎంత బాగా చేస్తే మనకు అంత తక్కువగా కనిపిస్తాడు. అలాంటివాణ్ని, అదీ ఇరవై రెండేళ్లయినా నిండీ నిండని కాలేజీ కుర్రాణ్ని, పెద్ద లీగుకు పనికొస్తాడా రాడా అని తేల్చడం ఒక విద్య. ఆ విద్య నేర్చిన స్కౌట్ల చూపు మొదట పాదాల మీద ఉంటుంది, తర్వాత తుంటి మీద. బంతి సంగతి ఆఖర్న.

ఎంపిక జరిగే తీరు ముందు చెప్పుకోవాలి. ఆ పెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు 32. ఏటా ఏప్రిల్‌లో, కాలేజీ ఆట ముగించుకుని వచ్చే కుర్రాళ్లను ఇవి 7 రౌండ్లలో వంతులవారీగా ఎంచుకుంటాయి. ఐపీఎల్ వేలంలో మాదిరి డబ్బు పాట ఉండదు. కిందటి సీజన్‌లో అట్టడుగున మిగిలిన జట్టుకు మొదటి వంతు. ఈ డ్రాఫ్టు 1936లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. ఆలోచన ఆ ఊరి ఈగల్స్ జట్టు యజమాని బెర్ట్ బెల్‌ది. (ఆ ఏడు అందరికన్నా ముందు ఎంపికైన జే బెర్వాంగర్ ఆ లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.) మొదటి రౌండు వంతును ఒక కార్నర్ మీద ఖర్చుపెట్టి పొరబడిన జట్టు, అదే వంతులో దొరికి ఉండాల్సిన మంచి ఆటగాణ్ని కూడా పోగొట్టుకుంటుంది. అందుకే ఇంత పరీక్ష.

కార్నర్ అనే స్థానం మనవాళ్లకు కబడ్డీలో అలవాటే. రైడర్ ఎటు కాలు చాపుతాడో రైడర్‌కే తెలుసు. మూలన ఉన్నవాడు ఆ కదలికను గమనించి, అరక్షణం ఓపిక పట్టి, అప్పుడు మడమ అందుకోవాలి. తొందరపడి దూకితే పాయింటు చేతికిచ్చి పంపినట్టే. ఫుట్‌బాల్ కార్నర్‌దీ ఇదే అవస్థ, కాకపోతే దీన్నంతా అతను వెనక్కి పరుగెడుతూ చెయ్యాలి. రిసీవర్ ఎన్ని గజాలు పోయి ఎటు మలుపు తిరగాలో ముందే అనుకుని వస్తాడు. కార్నర్‌కు ఆ సంగతి తెలిసేటప్పటికి మలుపు సగం అయిపోయి ఉంటుంది.

రిసీవర్‌కు ఏడెనిమిది గజాల దూరంలో నిలబడి ఆడే పద్ధతిని ఆఫ్ కవరేజ్ అంటారు. ఇందులో మొదటి పరీక్ష వెనకడుగులు. మోకాళ్లు వంగి, ఛాతీ బొటనవేళ్ల మీదికి వాలి, పాదాలు గడ్డిని రాసుకుంటూ పోవాలి. అడుగులు పైకి లేస్తున్నాయంటే, నడుము నిటారవుతోందంటే స్కౌట్ పుస్తకంలో ఒక గీత పడుతుంది. రెండో పరీక్ష ఇంకా కఠినం. రిసీవర్ పక్కనుంచి దూసుకుపోబోయే క్షణంలో కార్నర్ తుంటి తిప్పి, వెనకడుగుల నుంచి ముందు పరుగులోకి మారాలి. తుంటి వదులుగా ఉన్నవాడు ఒక్క అడుగులో తిరుగుతాడు. బిగుసుకుపోయినవాడు చిన్న అర్ధచంద్రాకారం చుట్టి తిరుగుతాడు. ఆ చుట్టులో పోయిన గజం మళ్లీ దొరకదు. పరుగు పందెంలో ఎంత వేగం చూపించినా ఈ లోపాన్ని కప్పిపుచ్చలేడు, ఎందుకంటే పందెంలో ఎవరూ తిరగమని అడగరు.

మూడోది, రిసీవర్ హఠాత్తుగా ఆగినప్పుడు కార్నర్ వెనక కాలిని నేలలో పాతి ముందుకు దూకడం. ఇక్కడ స్కౌట్లు వీడియోను నెమ్మదిగా నడిపి అడుగులు లెక్కపెడతారు. పాతిన కాలితోనే కదిలితే మంచిది. మధ్యలో సర్దుకోవడానికి ఇంకో రెండు చిన్న అడుగులు పడ్డాయంటే, ఆ లోపల బంతి రిసీవర్ చేతుల్లో ఉంటుంది.

ప్రెస్ అనేది ఆఫ్ కవరేజ్‌కు పూర్తి విరుద్ధం. రిసీవర్ ముక్కు ఎదురుగా, గజం దూరంలో నిలబడి, మొదటి అడుగులోనే చేతులతో అడ్డగించి దారి తప్పించడం. చూడటానికి ఇది బలం ఆటలా ఉంటుంది. నిజానికి ఓపిక ఆట. రిసీవర్ తల, భుజాలు, కళ్లు అన్నీ అబద్ధమాడతాయి. బొడ్డు దగ్గర మాత్రం అబద్ధం కుదరదు, కాబట్టి కార్నర్ చూపు అక్కడే ఉండాలని నేర్పుతారు. మొదటి బూటకపు కదలికకే ఒక పక్కకు తిరిగిపోయేవాణ్ని కోచ్‌లు గేటు తెరిచేశాడని తిడతారు. చేతులు ముందుకు చాచి తూలిపోయేవాడు ఇంకా ప్రమాదం. అందుకే చేతుల పొడవు కూడా కొలుస్తారు, భుజం కొస నుంచి నడివేలి కొస దాకా. సియాటిల్ సీహాక్స్ జట్టు పీట్ క్యారల్ హయాంలో చాలా ఏళ్లపాటు 32 అంగుళాలకు తగ్గిన చేతులున్న కార్నర్లను డ్రాఫ్టులో ఎంచుకోవడానికి ఇష్టపడలేదు.

ఇక బంతి. దీని గురించి సామాన్య ప్రేక్షకుడికి ఉండే అపోహ ఒకటుంది: కార్నర్ ఎప్పుడూ వెనక్కి తిరిగి బంతిని వెతకాలని. రిసీవర్‌కు చెయ్యి తగిలేంత దగ్గరగా, భుజం భుజం కలిపి పరుగెడుతున్నప్పుడే తల తిప్పాలి. వెనకబడి ఉన్నప్పుడు తల తిప్పితే ఇంకా వెనకబడతాడు. అప్పుడు చెయ్యాల్సింది రిసీవర్ కళ్లు, చేతులు చూసుకుంటూ తరిమి, అతని చేతులు పైకి లేచిన క్షణంలో వాటి మధ్యలోకి చెయ్యి దూర్చడం. ఏ స్థితిలో తల తిప్పాడు, ఏ స్థితిలో తిప్పలేదు అన్నది చూస్తే కుర్రాడికి ఆట ఎంత తెలుసో అర్థమవుతుంది. కంగారుపడేవాడు అన్నిసార్లూ తిప్పుతాడు, లేదా ఒక్కసారీ తిప్పడు.

ఇవన్నీ చూడాలంటే టీవీ బొమ్మ చాలదు. మైదానంలోని 22 మందీ ఒకే చట్రంలో కనబడేలా ఎత్తు నుంచి తీసిన వీడియో కావాలి. స్కౌట్లు అసలు పని చేసేది దానిమీదే. శరదృతువంతా కాలేజీల చుట్టూ తిరుగుతూ, కోచ్‌లతోనూ శిక్షకులతోనూ మాట్లాడుతూ, రాత్రుళ్లు ఒకే ఆటను ముందుకూ వెనక్కూ తిప్పి చూస్తారు. బంతి తనవైపు రాని ఆటల్లో కుర్రాడు ఏం చేశాడన్నదే అందులో విలువైన సమాచారం.

కాలేజీ ఆటకూ ప్రొఫెషనల్ ఆటకూ నిబంధనలు వేరు కావడం వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి. మైదానం వెడల్పు రెండుచోట్లా 160 అడుగులే. ఆట మొదలుపెట్టే రెండు గీతల మధ్య దూరం మాత్రం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీలో బంతి ఒక గీత మీద ఉంటే ఒక పక్క 60 అడుగుల జాగా, మరో పక్క 100 అడుగులు. ఇరుకు పక్కన ఆడే కార్నర్‌కు బయటి గీతే సగం పని చేసిపెడుతుంది. అలాంటివాడు రెండు పక్కలా దాదాపు సమానంగా జాగా ఉండే లీగులోకి వస్తే ఎలా ఉంటాడో ఊహించుకోవాల్సిందే. పట్టుకోవడం సంగతీ అంతే. కాలేజీలో బంతి గాలిలోకి లేచేదాకా ఎదురొచ్చే రిసీవర్‌ను తగలడానికి చాలా వెసులుబాటు ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 5 గజాలు దాటాక ముట్టుకోకూడదు. 1978లో వచ్చిన ఈ నిబంధనకు పిట్స్‌బర్గ్ కార్నర్ మెల్ బ్లౌంట్ పేరే స్థిరపడింది, రిసీవర్లను అంతగా ఏడిపించాడు మరి. పైగా బంతి అందుకోనివ్వకుండా అడ్డుపడితే కాలేజీలో శిక్ష 15 గజాలకు మించదు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తప్పు ఎక్కడ జరిగితే అక్కడికి బంతి పోతుంది. రిసీవర్ చొక్కా పట్టుకుని బతికిన కాలేజీ వీరుడికి ఇక్కడ గడ్డుకాలం.

అంకెల దగ్గరికొద్దాం. ఫిబ్రవరి చివర్లో ఇండియానాపొలిస్‌లో కంబైన్ అనే పరీక్షా శిబిరం జరుగుతుంది. 40 గజాల పరుగు, ఎత్తు గెంతు, పొడవు గెంతు, మలుపుల పరుగులు. టీవీల్లో 40 గజాల పరుగుకు ఉన్న మోజు నాకు అంతుపట్టదు. 2022లో బేలర్ కుర్రాడు కేలన్ బార్న్స్ దాన్ని 4.23 సెకన్లలో ముగించాడు. అంతకుముందు అక్కడ ఏ కార్నరూ అంత వేగంగా పరుగెత్తలేదు. కరొలైనా పాంథర్స్ అతన్ని 7వ రౌండులో తీసుకుని, సీజన్ మొదలుకాకముందే వదిలేసింది. స్టాన్‌ఫర్డ్‌లో రిసీవర్‌గా మొదలై కార్నర్‌గా మారిన రిచర్డ్ షెర్మన్ వేగం 4.5 సెకన్లకు పైమాటే. 6 అడుగుల 3 అంగుళాల మనిషిని 2011లో 5వ రౌండు దాకా ఎవరూ ముట్టుకోలేదు. సియాటిల్ 154వ వంతులో తీసుకుంది. ఆ తరం ఉత్తమ కార్నర్లలో అతనొకడయ్యాడు. వేగం అక్కర్లేదని కాదు. 4.6 దాటినవాణ్ని మైదానం అంచున ఒంటరిగా వదిలే ధైర్యం ఏ కోచ్‌కూ ఉండదు. వీడియోలో కనబడిన వేగం నిజమేనా అని సరిచూసుకోవడానికి గడియారం పనికొస్తుంది, వీడియోలో కనబడనిదాన్ని సృష్టించడానికి కాదు.

వేగంకన్నా పెద్ద మోసం ఇంటర్‌సెప్షన్ల లెక్కది, అంటే ప్రత్యర్థి విసిరిన బంతిని దారిలోనే లాక్కున్న సందర్భాల లెక్కది. ఓక్లండ్ కార్నర్ నమ్డీ అసొముఘా 2006లో 8 బంతులు లాక్కున్నాడు. మరుసటి ఏడు ఒక్కటే. ఆట పడిపోలేదు, క్వార్టర్‌బ్యాక్‌లు అటువైపు విసరడం మానేశారు. దీనికి వ్యతిరేక ఉదాహరణ డాలస్ కౌబాయ్స్ తరఫున ఆడిన ట్రెవాన్ డిగ్స్. 2021లో 11 ఇంటర్‌సెప్షన్లతో లీగంతటికీ మొదట నిలిచాడు, అదే సీజన్‌లో బోలెడన్ని గజాలు ప్రత్యర్థులకు సమర్పించుకున్నాడు కూడా. కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో మన తెలుగువాళ్లు ఎందరో. ఆదివారం మధ్యాహ్నాలు ఆ జట్టు ఆట చూస్తూ డిగ్స్ దొంగా, దొరా అని వాదించుకున్నవాళ్లకు రెండూ నిజమేనని చెప్పాలి. బంతి కోసం పందెం కాసేవాడు కొన్నిసార్లు గెలుస్తాడు, కొన్నిసార్లు టచ్‌డౌన్ ఇస్తాడు.

ఈ కొలతలన్నీ ఒకచోట కలిసిన కేసు క్విన్యాన్ మిచెల్‌ది. ఒహాయోలోని టోలిడో విశ్వవిద్యాలయం పెద్ద జట్ల సరసన చేరేది కాదు, మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్‌లో ఆడుతుంది. 2022లో నార్తర్న్ ఇల్లినాయ్ మీద మిచెల్ ఒకే మ్యాచ్‌లో 4 ఇంటర్‌సెప్షన్లు తీశాడు, వాటిలో రెంటిని టచ్‌డౌన్‌లుగా మలిచాడు. అంకెలు చూసేవాళ్లకు అది చాలు. స్కౌట్లకు మాత్రం రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఎదుటివాళ్ల స్థాయి. రెండు, అతను టోలిడోలో ఎక్కువగా దూరం నుంచే ఆడాడు. ముక్కు ఎదుట నిలబడి ఆపగలడా అన్నదానికి వీడియోలో జవాబు తక్కువ. ఆ జవాబు 2024 ఆరంభంలో అలబామాలోని మొబీల్‌లో, సీనియర్ బౌల్ సాధనలో దొరికింది. అక్కడ రిసీవర్‌కూ కార్నర్‌కూ మధ్య ఎవరి సాయమూ లేని ముఖాముఖి పోటీలు పెడతారు. జాగా అంతా రిసీవర్‌దే, కార్నర్‌కు అన్యాయమైన ఆట. పెద్ద కాలేజీల రిసీవర్లను మిచెల్ అందులో రోజూ కట్టడి చేశాడు. తర్వాత కంబైన్‌లో 4.33 సెకన్లు. ఇది కొత్త సంగతేమీ చెప్పలేదు, ఉన్న అనుమానాన్ని తుడిచేసింది.

ఏప్రిల్‌లో మొదటి 14 వంతులూ దాడి ఆటగాళ్లకే పోయిన ఆ డ్రాఫ్టులో, 22వ వంతులో ఈగల్స్ మిచెల్‌ను తీసుకుంది. ఆ ఏడు ఎంపికైన మొదటి కార్నర్ అతనే. డిఫెన్స్ కోఆర్డినేటర్ విక్ ఫ్యాన్‌జియో పద్ధతి దూరం నుంచి చూసి ఆడే కవరేజ్‌కు పేరుపడింది. టోలిడోలో కుర్రాడికి లోపంగా కనిపించినదే ఇక్కడ అనుభవమైంది. ప్రెస్ తప్ప మరొకటి ఆడించని జట్టు చేతికి వెళ్లి ఉంటే కథ ఇంకోలా నడిచేదేమో. కుర్రాడి విలువ కట్టేటప్పుడు ఏ జట్టుకు అన్న ప్రశ్న వదిలేసి ఇచ్చే ర్యాంకులను నేను పెద్దగా నమ్మను. తొలి ఏడాది రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లన్నింటిలో మిచెల్ తీసిన ఇంటర్‌సెప్షన్లు సున్నా. ఈగల్స్ మొదటిరోజు నుంచీ అతన్నే ఆడించింది, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది.

ఇంత చూసినా అందనిది శరీరం. కంబైన్ అసలు పుట్టిందే ఆటగాళ్లను డాక్టర్లు ఒక్కచోట పరీక్షించడానికి. కార్నర్‌కు పాదంలోనో, మడమ నరంలోనో దెబ్బ తగిలితే మొత్తం లెక్క మారిపోతుంది. 2020లో డెట్రాయిట్ 3వ వంతులో తీసుకున్న జెఫ్ ఒకూడాకు మరుసటి ఏడు మొదటి మ్యాచ్‌లోనే మడమ నరం తెగింది. అతనిమీద పెట్టుకున్న అంచనా సరైనదో కాదో తేల్చడం కష్టమైపోయింది.

2022లో అయితే జట్ల ముందు ఇద్దరున్నారు. సిన్సినాటిలో ఆడిన మూడేళ్లలో తన కాపలాలో ఒక్క టచ్‌డౌన్ కూడా ఇవ్వని సాస్ గార్డ్‌నర్ ఒకడు. ఎల్‌ఎస్‌యూలో మొదటి ఏడాదే 6 ఇంటర్‌సెప్షన్లు తీసి, సాధనలో జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్‌లాంటి రిసీవర్లతో రోజూ తలపడి, ఆ తర్వాత గాయాలతో 2021లో మూడే మ్యాచ్‌లు ఆడిన డెరెక్ స్టింగ్లీ ఇంకొకడు. హ్యూస్టన్ మూడేళ్ల నాటి వీడియోను నమ్మి 3వ వంతులో స్టింగ్లీని తీసుకుంది. 4వ వంతులో న్యూయార్క్ జెట్స్ గార్డ్‌నర్‌ను పట్టింది. గార్డ్‌నర్ తొలి రెండేళ్లూ ఆల్ ప్రో (ఏడాదికి లీగులోని ఉత్తమ ఆటగాళ్ల జాబితా) మొదటి జట్టులో నిలిచాడు, హ్యూస్టన్‌ను జనం వెక్కిరించారు. 2024లో ఆ చోటు స్టింగ్లీకి దక్కింది. 2025 మార్చిలో హ్యూస్టన్ అతనికి ఏడాదికి 3 కోట్ల డాలర్ల ఒప్పందమిచ్చింది. జులైలో జెట్స్ గార్డ్‌నర్‌కు అంతకన్నా కాస్త ఎక్కువే ఇచ్చి, నవంబర్‌లో అతన్ని ఇండియానాపొలిస్‌కు పంపి బదులుగా రెండు మొదటి రౌండు వంతులు, ఒక రిసీవర్‌ను తీసుకుంది. ఆ వంతుల్లో ఎవర్ని తీసుకోవాలన్నది జెట్స్ స్కౌట్ల తలనొప్పిగా మారింది.